కొరవడింది ధైర్యం కాదు

ఏటా మార్చి 8 రాగానే మన పత్రికల్లోనూ వేదికల మీదా ఒకే పాఠం వినిపిస్తుంది. తొలి మహిళా ఇంజనీరు, తొలి మహిళా న్యాయమూర్తి, తొలి మహిళా పైలట్, తొలి మహిళా రైలు డ్రైవరు అంటూ వరసగా ఫొటోలు వేసి, కింద సారాంశం రాస్తారు: పట్టుదల ఉంటే ఆడపిల్ల సాధించలేనిది లేదు. ఎదురుగా కూర్చున్న అమ్మాయిలకు ఉపన్యాసకులు చెప్పేదీ అదే. భయం వదలండి, మీ మీద మీరు నమ్మకం పెంచుకోండి, వాళ్లలాగే మీరూ అడ్డుగోడలు బద్దలు కొట్టండి.

ఈ పాఠాన్ని నేను పూర్తిగా తిరస్కరిస్తున్నాను. చెప్పేవారి మనసు మంచిదే కావచ్చు, చెబుతున్నది మాత్రం నిజం కాదు. మగవాళ్ల వృత్తులుగా ముద్రపడ్డ రంగాల్లోకి ఆడవాళ్లు వచ్చిన చరిత్రను దగ్గరగా చూడండి. ప్రతి మలుపులోనూ ఒక రూలు మారి ఉంటుంది, లేదా ఒక ప్రిన్సిపాల్ సంతకం పెట్టి ఉంటాడు, లేదా ఒక కోర్టు ఆదేశం ఇచ్చి ఉంటుంది, లేదా పసిపిల్లను చూసుకునే మనిషి ఇంట్లో దొరికి ఉంటుంది. ధైర్యం అంతకుముందూ ఉంది, ఆ తర్వాతా ఉంది. అది ఉండి కూడా గుమ్మం బయటే ఆగిపోయినవాళ్ల ఫొటోలు ఎవరూ వేయరు గనుక, లోపలికి వచ్చినవాళ్లను ధైర్యమే తెచ్చిందని మనం నమ్ముతున్నాం. ఈ నమ్మకం వల్ల జరుగుతున్న నష్టం చిన్నది కాదు. రాలేకపోయిన ప్రతి స్త్రీనీ అది దోషిని చేస్తోంది. రానివ్వని ప్రతి సంస్థనూ నిర్దోషిగా వదిలేస్తోంది.

మన తెలుగింటి ఉదాహరణతోనే మొదలుపెడతాను. దేశంలో ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్న తొలి మహిళల్లో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో, ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిహేనేళ్లకే పెళ్లయింది. పద్దెనిమిదేళ్లకు భర్త పోయారు. అప్పటికి కూతురు నాలుగు నెలల పసికందు. ఆ వయసులో, ఆ కాలంలో వైధవ్యం అంటే బతుకు ఒక గదిలో ముగిసిపోవడమే. అలాంటి స్థితి నుంచి లేచి ఆమె గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, 1943లో పట్టా అందుకున్నారు. ఇంతవరకు చెప్పి, చూశారా సంకల్పబలం అంటారు. కథ అక్కడికి అయిపోతుంది.

వదిలేసిన వివరాలు ఇప్పుడు కలిపి చూద్దాం. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు. కూతురి సీటు గురించి ప్రిన్సిపాల్ కె.సి. చాకోతో మాట్లాడింది ఆయన. చాకో ఒప్పుకున్నారు. మద్రాసు రాష్ట్ర విద్యాశాఖ డైరెక్టరు ఆర్.ఎం. స్టాథం అనుమతి ఇచ్చారు. ఆ కాలేజీకి మూలమైన సర్వే పాఠశాల 1794లో మొదలైంది. 1940లో లలిత చేరేదాకా, అంటే నూట నలభై ఆరేళ్ల పాటు, అక్కడ ఒక్క ఆడపిల్ల కూడా ఇంజనీరింగ్ చదవలేదు. ఆ నూట నలభై ఆరేళ్లలో మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం మీద లెక్కలు వచ్చిన, పట్టుదల ఉన్న ఆడపిల్ల ఒక్కతీ పుట్టలేదని ఎవరైనా అనగలరా? పుట్టారు. వాళ్లకు ఆ కాలేజీలో ప్రొఫెసరుగా ఉన్న తండ్రి లేడు. సంతకం పెట్టే ప్రిన్సిపాల్ దగ్గరికి వాళ్ల తరఫున వెళ్లేవాళ్లు లేరు.

లలిత ఇంజనీరింగ్ ఎంచుకున్న కారణం కూడా మన ఉపన్యాసాల్లో వినపడదు. వైద్యం చదివితే అర్ధరాత్రి పసిబిడ్డను వదిలి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తుంది. ఇంజనీరు ఉద్యోగానికైతే ఉదయం వెళ్లి సాయంత్రం ఇంటికి రావచ్చు. బిడ్డతల్లి వేసుకున్న లెక్క ఇది. కోటలు బద్దలు కొట్టాలని ఆమె బయలుదేరలేదు. పని వేళలు కుదిరే చదువు వెతుక్కున్నారు. ఈ ఒక్క సంగతి మనం శ్రద్ధగా విని ఉంటే, ఏ రంగంలోకైనా ఆడవాళ్లు రావాలంటే ముందు ఆ రంగం పని వేళల గురించి మాట్లాడాలని ఎనభై ఏళ్ల కిందటే తెలిసేది.

చేరాక ఏం జరిగింది? హాస్టల్లో ఆమెకు తోడు లేదు. వందలమంది మగపిల్లల మధ్య ఒక్కరే అమ్మాయి. దీనికి పరిష్కారం లలితకు మరింత గుండెనిబ్బరం నూరిపోయడం కాదని ఆ కాలేజీ పెద్దలకు తెలుసు. ఆడపిల్లలకు కూడా ప్రవేశం ఉందని బయటికి తెలియజేశారు. మరుసటి సంవత్సరమే లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా సివిల్ ఇంజనీరింగులో చేరారు. నూట నలభై ఆరేళ్లు రాని విద్యార్థినులు, సీటు ఇస్తామని చెప్పగానే ఏడాది తిరక్కుండా వచ్చారు. ఆ త్రేసియా 1971లో కేరళ పబ్లిక్ వర్క్స్ శాఖ చీఫ్ ఇంజనీరు అయ్యారు. మద్రాసులో ఒక కబురు బయటికి పొక్కకపోతే కేరళకు ఆ చీఫ్ ఇంజనీరు లేరు.

లలిత ఆ తర్వాత సిమ్లాలో, ఆపైన కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థలో పనిచేశారు. ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైన్లు, సబ్‌స్టేషన్ల నమూనాలు గీశారు. భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనిలో పాలుపంచుకున్నారు. లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ 1953లో ఆమెను అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా ఎన్నుకుంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్లారు. ఇన్నేళ్లూ కలకత్తాలో ఆమె ఉన్నది సోదరుడి ఇంట్లో. కూతురిని కనిపెట్టుకుని ఉన్నది ఆ ఇంటి ఇల్లాలు. పసిబిడ్డను నిశ్చింతగా వదిలి ఆఫీసుకు వెళ్లే వీలు ఆమెకు కుటుంబం కల్పించింది. ఆ కుటుంబం లేని స్త్రీకి ఆ వీలు ఎవరు కల్పించాలి? మనం అడగాల్సిన ప్రశ్న ఇది. దాన్ని అడగకుండా సంకల్పబలం అనే మాటతో కప్పేస్తున్నాం.

తండ్రి ప్రొఫెసరు అని చెబితే లలిత గొప్పతనం తగ్గుతుందా? రవ్వంత కూడా తగ్గదు. ఆమె చదివిన చదువు, చేసిన పని ఆమెవే. తగ్గేదల్లా మన సోమరితనానికి దొరికే సాకు.

ధైర్యం ఒక్కటే చాలదని రుజువు కావాలంటే వకీలు వృత్తిని చూడండి. అక్కడ చరిత్రే మనకు పరీక్ష పెట్టి చూపించింది. కొర్నీలియా సోరాబ్జీ 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్ర పరీక్ష రాశారు. 1897లో బొంబాయి విశ్వవిద్యాలయం ఎల్.ఎల్.బి. పూర్తి చేశారు. 1899లో అలహాబాదు హైకోర్టు ప్లీడరు పరీక్ష కూడా నెగ్గారు. అయినా నల్లకోటు వేసుకుని కోర్టులో నిలబడి వాదించే హక్కు రాలేదు. 1916లో రెజీనా గుహ, చదువూ పట్టా అన్నీ చేతిలో పట్టుకుని, ప్లీడరుగా నమోదు చేసుకోమని దరఖాస్తు పెట్టారు. కలకత్తా హైకోర్టు ధర్మాసనం కుదరదంది. 1921లో సుధాంశుబాల హజ్రా పట్నా హైకోర్టును అడిగారు. అక్కడా తిరస్కారమే.

ఈ ముగ్గురిలో ఏం లోపించింది? చదువా, తెగువా, పట్టుదలా? న్యాయమూర్తులు కూడా వాళ్ల అర్హతను ప్రశ్నించలేదు. చట్టం స్త్రీలను ఉద్దేశించి రాసింది కాదన్నారు, అంతే. ఆ తర్వాత 1921లోనే అలహాబాదు హైకోర్టు సోరాబ్జీని వకీలుగా చేర్చుకుంది. 1923లో స్త్రీ అయిన కారణాన ఎవరినీ న్యాయవాద వృత్తి నుంచి దూరం పెట్టరాదని చట్టం వచ్చింది. 1899 నాటి సోరాబ్జీకీ 1923 నాటి సోరాబ్జీకీ తెలివిలో తేడా లేదు, గుండెదిటవులో తేడా లేదు. తేడా అంతా చట్టం పుస్తకంలో ఉంది. ఆమె మనసుకు రెక్కలు మొలిచి గోడ దాటలేదు, గోడ తీసేశారు.

తీసేసిన ఫలితం మన తెలుగు నేలకూ దక్కింది. రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి 1942లో మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తి చేసి ప్రాక్టీసు పెట్టగలిగారు. ఆ న్యాయవాదే రాజ్యాంగ సభలో కూర్చుని స్త్రీల హక్కుల గురించి మాట్లాడారు. దుర్గాబాయికి ధైర్యం ఎక్కడిదని అడగక్కర్లేదు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన మనిషి ఆమె. అంతటి మనిషికి కూడా 1923 చట్టం లేకపోతే కోర్టు గుమ్మంలో రెజీనా గుహకు దక్కిన జవాబే దక్కేది.

లోపలికి వస్తే చాలు, తర్వాత అంతా ప్రతిభే చూసుకుంటుందని కొందరంటారు. సి.బి. ముత్తమ్మ 1949లో భారత విదేశాంగ సేవలో చేరిన తొలి మహిళ. చేరాక ఆమెకు ఎదురైనవి రూళ్లు. ఆ సేవలో ఉన్న స్త్రీ పెళ్లి చేసుకోవాలంటే ముందుగా ప్రభుత్వం దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. సంసారం ఉద్యోగానికి అడ్డు అని ప్రభుత్వానికి తోస్తే రాజీనామా కోరవచ్చు. పెళ్లయిన స్త్రీకి నియామకం హక్కు కాదు. మగ ఉద్యోగికి ఇవేవీ లేవు. పై హోదాకు తనను పక్కన పెట్టినప్పుడు ముత్తమ్మ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ధర్మాసనం ఆ నిబంధనలను గట్టిగా తప్పుపట్టింది. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం ఆమెకు పదోన్నతి ఇచ్చింది, ఆ రూళ్లను తొలగించే దారి పట్టింది. తొలి మహిళ చేరిన నాటికీ ఈ తీర్పుకీ మధ్య ముప్పై ఏళ్లు. ఆ ముప్పై ఏళ్లలో పెళ్లికీ కొలువుకీ మధ్య ఒకటి వదులుకోవాల్సి వచ్చిన స్త్రీలను పట్టుదల లేనివాళ్లని ఎవరైనా అంటే అది అన్యాయం. విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్ మొదటిసారి గర్భం దాల్చగానే ఉద్యోగం పోయే నిబంధనను కొట్టేయడానికి 1981 దాకా ఆగాల్సి వచ్చింది. దాన్నీ కోర్టే కొట్టేసింది.

ఇక ఇంకో వాదన ఉంది. కొన్ని పనులు ఆడవాళ్ల శరీరానికి, భద్రతకు పనికిరావు, వాళ్ల మంచి కోరే వద్దంటున్నాం అనేది. భూగర్భ గనులను ఉదాహరణగా చూపిస్తారు. ఇప్పుడు ఎవరైనా అమ్మాయి గనిలోకి దిగితే చరిత్రలో ఇదే మొదటిసారి అన్నట్టు రాస్తారు. నిజం వేరు. 1920ల మొదట్లో మన దేశపు బొగ్గు గనుల కార్మికుల్లో మూడో వంతుకు పైగా స్త్రీలే. ఝరియా, రాణిగంజ్ గనుల్లో భర్త బొగ్గు తవ్వితే భార్య తట్టలకెత్తి మోసేది. 1929లో మొదలైన నిబంధనలు వాళ్లను భూగర్భం నుంచి క్రమంగా బయటికి పంపాయి. 1930ల చివరికల్లా నిషేధం పూర్తయింది. 1943లో యుద్ధానికి బొగ్గు కావాల్సి వచ్చింది. వెంటనే నిషేధం ఎత్తేసి ఆడవాళ్లను మళ్లీ కిందికి దించారు. యుద్ధం ముగిసింది, 1946లో నిషేధం తిరిగి వచ్చింది. 1952 నాటి గనుల చట్టం దాన్ని ఖాయం చేసింది.

ఆ మూడేళ్లు ఆడవాళ్ల శరీరాలు మారిపోయాయా? గని పైకప్పు గట్టిపడిందా? ప్రభుత్వానికి అవసరం పడింది, అంతే. అవసరం పడినప్పుడు అడ్డురాని భద్రత, కూలి పంచాల్సి వచ్చినప్పుడు అడ్డొచ్చింది. ఆ గనుల్లో పని ప్రమాదకరమన్న మాట నిజమే. ప్రమాదకరమైతే గని బాగుచేయాలి, మగవాడికీ ఆడదానికీ కూడా. మూడో వంతు కూలీలను కూలికి దూరం చేసి మిగతావాళ్లను అదే ప్రమాదంలో ఉంచడం రక్షణ ఎలా అవుతుంది? 2019లో కేంద్రం ఆంక్షలు సడలించి, సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ పనుల్లో ఉన్న స్త్రీలు పగటి వేళ భూగర్భంలోకి దిగవచ్చని చెప్పింది. దాన్ని తొలి అడుగు అని పొగడడం కంటే, ఎనభై ఏళ్ల కిందట లాక్కున్న దానిలో కొంత వెనక్కి ఇవ్వడం అనడం సత్యానికి దగ్గర.

రాత్రి పని సంగతీ అంతే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాత్రి వేళ కార్ఖానాల్లో స్త్రీలు పనిచేయరాదంది. 2000 డిసెంబరులో మద్రాసు హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఈ దేశంలో నర్సులు రాత్రి డ్యూటీ చేయని రోజు ఒక్కటి లేదు. ఆడవాళ్లకు చీకటి ప్రమాదమని ఏ చట్టమూ ఆసుపత్రి రాత్రులను ఆపలేదు. నడినెత్తిన ఎండలో ఇటుకలు మోసే స్త్రీని, మోకాలి లోతు బురదలో నాట్లు వేసే స్త్రీని, ఇది బరువు పని, నీ ఒంటికి మంచిది కాదు అని ఎవరూ ఆపలేదు. బరువు, చీకటి, దూరం అనే అభ్యంతరాలు జీతం ఎక్కువున్న చోటే, యూనిఫారం ఉన్న చోటే, అధికారం ఉన్న చోటే లేస్తాయి. ఆడవాళ్ల మీద దయతో పుట్టిన అభ్యంతరాలైతే అవి ముందుగా వరిచేలో పుట్టాలి.

ఇప్పుడు చివరి కోట మిగిలింది. చట్టాలన్నీ పోయాయి, తలుపులు తెరిచే ఉన్నాయి, అయినా ఆడపిల్లలు రావడం లేదంటే వాళ్లకే ఆసక్తి లేదు అనే వాదన. చదువుకున్నవాళ్ల నోట ఎక్కువగా వినిపించేది ఇదే. దీనికి జవాబు మన తెలుగు తల్లిదండ్రులకు బాగా తెలిసిన చోటే ఉంది. ఐఐటీలు 1951 నుంచి నడుస్తున్నాయి. అరవై ఏడేళ్లు గడిచినా వాటిలో చేరే అమ్మాయిలు పదిశాతం దాటలేదు. ఆడపిల్లలకు లెక్కలంటే, ఫిజిక్స్ అంటే ఇష్టం ఉండదని అన్నారు. 2018లో, తిమోతి గొన్సాల్వెస్ కమిటీ సిఫారసు మీద, అమ్మాయిల కోసం అదనపు సీట్లు పెట్టారు. అబ్బాయిల సీట్లు తగ్గించలేదు. జేఈఈ అడ్వాన్స్‌డ్ నెగ్గినవాళ్లకే ఆ సీట్లు. మొదటి ఏడాది 14 శాతం, మూడో ఏడాదికల్లా 20 శాతం లక్ష్యం పెట్టుకున్నారు. ఆ ప్రకారమే సీట్లు నిండాయి. అరవై ఏడేళ్లలో పుట్టని ఆసక్తి మూడేళ్లలో పుట్టిందా?

ఆసక్తి ముందే ఉంది. పరీక్ష నెగ్గి కూడా ఆ అమ్మాయిలు ఎటు వెళ్లేవారో ఇక్కడి ఇళ్లను అడిగితే చెబుతాయి. దూర రాష్ట్రంలోని ఐఐటీలో నచ్చిన బ్రాంచి రాకపోతే, అబ్బాయినైతే పంపుతారు. అమ్మాయినైతే ఊళ్లో కాలేజీలో కంప్యూటర్ సైన్సు చాలులే అంటారు. లాంగ్ టర్మ్ కోచింగుకు ఇంకో ఏడాది అబ్బాయికి ఇస్తారు, అమ్మాయికి పెళ్లీడు గుర్తొస్తుంది. మంచి బ్రాంచిలో సీటు ఖాయం అనగానే అదే తండ్రి పెట్టె సర్దించాడు. కూతురి ధైర్యం పెరగలేదు, తండ్రి వేసుకునే లెక్క మారింది. ఆ లెక్క మార్చింది ప్రభుత్వ నిర్ణయం.

విమానయానం చూడండి. ప్రపంచం మొత్తం మీద పైలట్లలో మహిళలు ఐదారు శాతం. మన దేశంలో 15 శాతం అని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. భారత స్త్రీకి ప్రపంచ స్త్రీ కంటే రెండు మూడింతల ధైర్యం ఉందని దీనికి అర్థమా? ఇక్కడి విమాన సంస్థలు రాత్రి వేళ ఉద్యోగినులను కాపలా మనిషితో వాహనంలో ఇంటికి చేర్చే ఏర్పాటు పెట్టాయి. గర్భిణులకు నేల మీద డ్యూటీ ఇచ్చాయి. అమ్మమ్మలూ నాయనమ్మలూ పిల్లలను చూసుకున్నారు. దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకున్న తొలి మహిళగా పేరున్న ప్రేమ్ మాథుర్ 1940ల చివర పలు కంపెనీల గడప తొక్కితే కాదన్నారు. ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్. తిరస్కరించిన కంపెనీల ముందూ, ఉద్యోగం ఇచ్చిన కంపెనీ ముందూ కూర్చున్నది ఒకే మనిషి, ఒకే లైసెన్సు.

న్యాయవ్యవస్థ లోపలే ఇంకో పోలిక ఉంది. జిల్లా స్థాయి న్యాయాధికారుల్లో మహిళలు ఇవాళ మూడో వంతు దాటారు. అక్కడ నోటిఫికేషన్ ఉంటుంది, పరీక్ష ఉంటుంది, మార్కులుంటాయి. సుప్రీంకోర్టులో 1950 నుంచి 1989లో ఫాతిమా బీవీ వచ్చేదాకా ఒక్క మహిళ లేరు. 2021లో ఒకే రోజు ముగ్గురు ప్రమాణం చేశాక కూడా, అప్పటిదాకా వచ్చినవాళ్ల మొత్తం సంఖ్య పదకొండు. అక్కడ పరీక్ష ఉండదు, పైనున్నవాళ్లు కిందివాళ్లలో తమకు తెలిసినవాళ్లను ఎంచుతారు. ఒకే వృత్తి, ఒకే చదువు. పరీక్ష పెట్టిన చోట మహిళలు వచ్చారు. పరిచయం లెక్కలోకి వచ్చిన చోట ఆగిపోయారు. ఆసక్తి లేదనే వాదన ఈ తేడాను ఎలా వివరిస్తుంది?

మన కళ్ల ముందు జరిగిన సంగతితో ఈ వరస ముగిస్తాను. 2019లో తెలంగాణలో ఒక విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. స్త్రీలకు అర్హత లేదంది. ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివిన పల్లెటూరి అమ్మాయిలు కొందరు హైకోర్టుకు వెళ్లారు. అనుమతించాలని కోర్టు చెప్పింది. వాళ్లు రాతపరీక్ష రాశారు, కరెంటు స్తంభం ఎక్కే పరీక్షలోనూ నెగ్గారు. 2022లో సిద్దిపేట జిల్లా యువతి రాష్ట్రంలో తొలి లైన్‌ఉమన్‌గా ఉద్యోగంలో చేరింది. పత్రికలన్నీ ఆమె స్తంభం ఎక్కుతున్న ఫొటో వేశాయి. సాహసం అన్నాయి, స్ఫూర్తి అన్నాయి.

ఆ స్తంభం ఎక్కడం ఆ అమ్మాయికి పెద్ద కష్టం కాలేదు, సాధన చేసింది, ఎక్కింది. కష్టమైంది స్తంభం దాకా వెళ్లడం. దాని కోసం వకీలును పెట్టుకుని, కోర్టు వాయిదాలకు తిరిగి, ఫలితం కోసం ఏళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. సబ్‌స్టేషన్ల నమూనాలు గీసిన లలిత పట్టా పొందిన డెబ్బై ఆరేళ్ల తర్వాత, కరెంటు తీగ ముట్టుకునే అర్హత స్త్రీకి లేదని ఒక సంస్థ అచ్చులో చెప్పింది. తొలి మహిళ దారి వేస్తే వెనకవాళ్లు ఆ దారిన నడుస్తారన్న మాట ఇక్కడే కూలిపోతోంది. ఆమె వేసిన దారిని అధికారి ఒక్క వాక్యంతో మూసేయగలడు. నోటిఫికేషన్‌లో ఆ వాక్యం రాసినవాళ్లెవరో మనలో ఎవరికీ తెలియదు. ఫొటో మాత్రం ఆ అమ్మాయిది వేశాం. నిలదీయాల్సినవాళ్లను వదిలేసి, న్యాయంగా దక్కాల్సింది దక్కించుకున్న పిల్లకు సాహసి అని బిరుదు ఇచ్చి చేతులు దులుపుకున్నాం.

మరి స్ఫూర్తి అక్కర్లేదా అని అడుగుతారు. కావాలి. ఒక వృత్తిలో తనలాంటి మనిషి కనిపిస్తే ఆడపిల్లకు ఆ వృత్తి మీద ఆలోచన పుడుతుంది, నిజమే. ఆలోచన పుట్టాక ఆమె దరఖాస్తు పెట్టే చోట అర్హతల పట్టికలో తన పేరు లేకపోతే, ఆ స్ఫూర్తి ఆమెకు నిరాశను మాత్రమే మిగులుస్తుంది. పైగా తన లోపమే అనుకుంటుంది. వాళ్లు సాధించారు కదా, నేనెందుకు సాధించలేకపోయాను అని తనను తాను నిందించుకుంటుంది. ఒక తరం ఆడపిల్లల మీద ఇంత భారం మోపే హక్కు మనకు లేదు. మగపిల్లవాడు ఇంజనీరు కావడానికి ర్యాంకు చాలు, ఆడపిల్లకు ర్యాంకుతో పాటు వీరత్వం కూడా ఉండాలనడం ఏ న్యాయం? సాధారణమైన తెలివి, సాధారణమైన ధైర్యం ఉన్న అబ్బాయి ఏ వృత్తిలోకి వెళ్లగలడో, అదే వృత్తిలోకి అంతే సాధారణమైన అమ్మాయి వెళ్లగలిగిన రోజున సమానత్వం వచ్చినట్టు. అసాధారణ స్త్రీలు వెళ్లడం దానికి రుజువు కాదు.

కాబట్టి లెక్క మార్చాలని కోరుతున్నాను. తొలి మహిళ ఎప్పుడు వచ్చిందన్నది ఒక సంస్థకు గర్వకారణం కాకూడదు. అన్నేళ్లు ఎందుకు రాలేదన్నది ఆ సంస్థ చెప్పాల్సిన సంజాయిషీ. రెండో మహిళ ఎన్నేళ్లకు వచ్చింది, వచ్చినవాళ్లలో ఎందరు పదేళ్ల తర్వాత కూడా ఉన్నారు, ఎందరు పై హోదాకు వెళ్లారు అన్నవి అడగాలి. ఈ లెక్కలు ప్రతి విద్యుత్ సంస్థ, ప్రతి ఆర్టీసీ డిపో, ప్రతి పోలీసు శాఖ, ప్రతి గని ఏటా బయటపెట్టాలి. ఏ నోటిఫికేషన్‌లోనైనా స్త్రీలను మినహాయిస్తే కారణం రాసి కింద బాధ్యుడైన అధికారి పేరు పెట్టాలి. పోస్టింగు ఇచ్చే ప్రతి చోటా ముందుగా మరుగుదొడ్డి, బస, రాత్రి షిఫ్టు తర్వాత ఇంటికి చేర్చే వాహనం ఉన్నాయో లేవో చూడాలి. ప్రసవ సెలవు నుంచి తిరిగి వచ్చిన ఉద్యోగినికి అదే పని, అదే హోదా దక్కాలి. పిల్లలను చూసుకునే గది పనిచేసే చోటే ఉండాలి. లలితకు సోదరుడి ఇల్లు ఇచ్చిన ఆసరాను ఏ సోదరుడూ లేని స్త్రీకి సంస్థ ఇవ్వాలి.

వచ్చే మార్చి 8న ఉపన్యాసాలు ఎలాగూ ఉంటాయి. అవి ఈసారి ఆడపిల్లలకు వద్దు. వాళ్లు వినాల్సినంత విన్నారు, చేయాల్సినంత చేశారు. కుర్చీలలో నోటిఫికేషన్లు రాసేవాళ్లను, నియామకాలు చేసేవాళ్లను, ఆడపిల్ల కౌన్సెలింగ్ ఫారం మీద దగ్గరి కాలేజీకే టిక్కు పెట్టించే తండ్రులను కూర్చోబెట్టాలి. గిండీలో చాకో పెట్టిన సంతకానికి వీరత్వం అక్కర్లేకపోయింది, తన అధికారాన్ని న్యాయంగా వాడాలన్న బుద్ధి చాలింది. సంతకం పెట్టగలిగే ప్రతి మనిషినీ మనం అడగాల్సింది అంతే. ఆ పని వాళ్లు చేసేదాకా, ఆడవాళ్ల ధైర్యం గురించి మాట్లాడే అర్హత వాళ్లకు లేదు.